స్పీడ్ ఫుల్, టీవీ నిల్: మీ ఫైబర్ రౌటర్‌లో దాక్కున్న 1492, 260 కథ

ఈ సంక్రాంతికి ఊరొస్తూ ఇంటికి కొత్త వైఫై రౌటర్ తెచ్చాను. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన తెల్ల పెట్టె వైఫై మా ఇంట్లో హాలు దాటి రాదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, వెనకాల నా రౌటర్ తగిలించాను. పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూడా స్పీడ్ టెస్ట్ 90 ఎంబీపీఎస్ చూపించింది. నేను చదివిన బీటెక్ ఇన్నాళ్లకి ఇంటికి పనికొచ్చిందని మురిసిపోయాను.

సాయంత్రానికి రెండు కంప్లైంట్లు వచ్చాయి.

మొదటిది తాతయ్యది. "ఒరేయ్, టీవీ మళ్లీ ఆగిపోయిందిరా." ఛానెల్ మారిస్తే వస్తుంది, నాలుగు నిమిషాలు ఆడుతుంది, బొమ్మ గడ్డకడుతుంది. రెండోది చెల్లిది. ఒక అప్లికేషన్‌కి ఆ రాత్రి 12 గంటలే ఆఖరి గడువు. యూట్యూబ్ వస్తుంది, వాట్సాప్ వస్తుంది, ఆ ఒక్క సైట్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే మా ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత, ఫొటో అప్‌లోడ్ సగంలో చచ్చిపోతోంది.

నేనేం చేశాను? అందరూ చేసేదే. ఫైబర్ లైన్ చూసే అతనికి ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. పండగపూట పాపం బండేసుకుని వచ్చాడు. పవర్ మీటర్ పెట్టి చూసి, "మైనస్ 19 వస్తందండి బాబూ, లైన్ సుబ్బరంగా ఉందండి" అన్నాడు. ఆ రీడింగ్ నిజంగానే మంచిది. తప్పు లైన్‌ది కాదు, నాది. ఆ తప్పు వెతుకుతూ పోతే ఒక దాని వెనకాల డయలప్ కాలం నాటి ప్రోటోకాల్, ఇంకోదాని వెనకాల 1980ల నాటి మల్టీకాస్ట్ బయటపడ్డాయి. రెండూ ఇవాళ్టికీ మీ ఇంట్లో పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని ఒకసారి అర్థం చేసుకుంటే "స్పీడ్ బానే ఉంది, కానీ పనిచేయట్లేదు" అనే జబ్బు సగం వరకు మీరే నయం చేసుకోవచ్చు.

ముందు డయలప్ సంగతి

మా తరంలో చాలామందికి డయలప్ అంటే ఆ గీగీ శబ్దం ఒక్కటే తెలుసు, అదీ యూట్యూబ్‌లో విన్నదే. మా మావయ్య మాత్రం 2000ల మొదట్లో అమలాపురంలో నెట్ సెంటర్ నడిపాడు. ఒకటే ఫోన్ లైన్. ఇంటర్ రిజల్ట్స్ రోజు షాపు ముందు జనం, లోపల మోడెమ్ 172233 అనే సంచార్‌నెట్ నంబర్‌కి మళ్లీ మళ్లీ డయల్ చేస్తూ ఉండేదట. వాన పడితే లైన్‌లో గరగర, కనెక్షన్ కట్.

మన దేశంలో సామాన్యులకి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. అప్పుడు ఉన్న తీగ ఒక్కటే, ఫోన్ లైన్. అది మనిషి గొంతు కోసం వేసింది, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. మోడెమ్ పని కంప్యూటర్ ఇచ్చే ఒకట్లు, సున్నాల్ని ఆ రేంజ్‌లో వినిపించే శబ్దంగా మార్చడం. ఆ గీగీ అంటే రెండు మోడెమ్‌లు "ఈ లైన్ మీద మనం ఎంత వేగంగా మాట్లాడుకోగలం" అని తేల్చుకోవడం. గరిష్ఠంగా 56 కేబీపీఎస్. అంటే 4 ఎంబీ పాట ఒక్కటి దిగాలంటే, అన్నీ కలిసొస్తే, పది నిమిషాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. మోడెమ్ మనకి ఇచ్చేది వరసగా కారే బైట్‌లు మాత్రమే. ఇంటర్నెట్ నడిచేది ప్యాకెట్‌ల మీద. ఈ ధారలో ఒక ప్యాకెట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది? మొదట్లో దీనికి స్లిప్ అనే చిన్న చిట్కా వాడారు. 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1055గా రాసిపెట్టారు. ప్యాకెట్ అయిపోగానే 192 అనే బైట్ పంపాలి, అంతే. పాస్‌వర్డ్ అడగదు, ఐపీ అడ్రస్ ఇవ్వదు, లైన్‌లో గరగరకి డేటా చెడిపోతే పట్టుకోదు.

దాని స్థానంలోకి వచ్చిందే పీపీపీ, అంటే పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్. ఇవాళ్టికీ ప్రామాణికమైన ఆర్‌ఎఫ్‌సీ 1661 వచ్చింది 1994 జులైలో. ఇది ప్యాకెట్‌కి ముందూ వెనకా 126 అనే బైట్‌తో హద్దు రాయి పాతుతుంది. మరి డేటాలోనే 126 వస్తే? దాని బదులు 125, 94 అని రెండు బైట్‌లు పంపుతుంది, అవతలివాడు చూసి మళ్లీ 126గా మార్చుకుంటాడు. చివర్లో ఒక చెక్‌సమ్ ఉంటుంది, గరగరకి పాడైన ప్యాకెట్‌ని దాంతో పట్టి పారేస్తుంది.

పీపీపీ కనెక్షన్ మూడు మెట్లలో జరుగుతుంది.

మొదటి మెట్టు ఎల్‌సీపీ, అంటే లింక్ మాటలు. "నేను ఒక్కో ప్యాకెట్‌లో 1500 బైట్‌లు తీసుకోగలను, నీకు ఓకేనా?" అని ఒకరు అడుగుతారు. అవతలివారు సరే అంటారు, లేదా "ఇది కాదు, ఇంత చెయ్" అని సవరిస్తారు, లేదా "ఈ ఆప్షన్ నాకసలు తెలీదు" అంటారు. పెళ్లి సంబంధం మాట్లాడుకున్నట్టే, ఇద్దరూ ఒప్పుకుంటేనే ముందుకి.

రెండో మెట్టు గుర్తింపు. ఇందులో పాత పద్ధతి పాప్, పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. మెరుగైనది చాప్. సర్వర్ ఒక అంకె విసురుతుంది, మీ మోడెమ్ దాన్ని పాస్‌వర్డ్‌తో కలిపి లెక్కకట్టి జవాబు మాత్రమే పంపుతుంది. పాస్‌వర్డ్ తీగ మీదకి రాదు.

మూడో మెట్టు ఐపీసీపీ. "ఇదిగో నీ ఐపీ అడ్రస్, ఇవిగో డీఎన్‌ఎస్ సర్వర్లు" అని సర్వర్ చేతిలో పెడుతుంది. ఇక నెట్ వచ్చినట్టే.

డయలప్ పోయింది, పీపీపీ పోలేదు

తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఫోన్ డయల్ చేసే పని లేదు. కానీ కంపెనీలకి ఆ మూడు మెట్ల పద్ధతి బాగా అలవాటైంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంతసేపున్నారు, ఏ ప్లాన్, అన్నీ దాంతోనే లెక్క. అందుకే 1999 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2516గా పీపీపీఓఈ వచ్చింది. పీపీపీ ప్యాకెట్‌ని తీసుకెళ్లి ఈథర్నెట్ ఫ్రేమ్ లోపల పెట్టేయడమే దీని పని. డయల్ చేసే బదులు మీ రౌటర్ "ఇక్కడ సర్వర్ ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా కేకేస్తుంది, ఒక సర్వర్ పలుకుతుంది, అక్కణ్ణుంచి అదే ఎల్‌సీపీ, అదే చాప్, అదే ఐపీసీపీ.

పాత విండోస్‌లో బ్రాడ్‌బ్యాండ్ వాడినవాళ్లకి 678, 691 అనే ఎర్రర్లు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు వాటి అర్థం మీరే చెప్పగలరు. 678 అంటే కేకకి ఎవరూ పలకలేదు, కాబట్టి కేబుల్, మోడెమ్, లైన్ చూసుకోవాలి. 691 అంటే పలికారు కానీ రెండో మెట్టులో ఆపేశారు, కాబట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసుకోవాలి. మీ ఫైబర్ రౌటర్‌లో పీపీపీఓఈ అనే పేజీ, అందులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉన్నాయంటే, గాజు తీగ మీద డయలప్ ఇంకా బతికే ఉందన్నమాట.

చెల్లి సైట్ ఎందుకు రాలేదు?

ఈథర్నెట్ ఫ్రేమ్‌లో పట్టేది 1500 బైట్‌లు. పీపీపీఓఈ హెడర్ 6 బైట్‌లు, దాని వెనక పీపీపీ 2 బైట్‌లు, మొత్తం 8 పోయాయి. మిగిలింది 1492. ఇదే ఈ లైన్‌కి ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు.

నా ఘనకార్యం ఏంటంటే, "ఇంటర్నెట్ స్పీడ్ పెంచే సీక్రెట్ సెట్టింగ్" అనే వీడియో ఒకటి చూసి ఎంటీయూని 1500 చేశాను.

దాంతో ఏం జరిగిందో చూడండి. చెల్లి ల్యాప్‌టాప్ సైట్‌తో మాట మొదలుపెట్టేటప్పుడు, 1500 సైజు దాకా పంపొచ్చని సర్వర్‌కి చెప్పింది. మామూలుగా రౌటర్ మధ్యలో ఆ మాటని పట్టుకుని తగ్గించి చెప్పాలి, కానీ దానికి నేనే 1500 అని చెప్పి ఉన్నాను కాబట్టి అది కిమ్మనలేదు. చిన్న ప్యాకెట్‌లు అన్నీ దాటాయి. సర్వర్ తన సెక్యూరిటీ సర్టిఫికెట్ పంపేసరికి నిండు 1500 బైట్‌ల ప్యాకెట్‌లు బయల్దేరాయి. "ముక్కలు చేయొద్దు" అనే ముద్ర కూడా వాటి మీద ఉంటుంది. 1492 దారి దగ్గరికొచ్చి అవి ఆగిపోయాయి. అక్కడి రౌటర్ "సైజు తగ్గించి పంపు" అని వెనక్కి ఐసీఎంపీ కబురు పెడుతుంది. కబురు అందుకున్న సైట్లు సైజు తగ్గించుకుంటాయి, అందుకే మిగతావన్నీ పనిచేశాయి. కొన్ని సైట్ల ఫైర్‌వాల్ ఆ కబురుని దొంగ అనుకుని గుమ్మంలోనే ఆపేస్తుంది. సర్వర్ అదే పెద్ద ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతుంది, మనకి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మీ లైన్‌లో చూసుకోవాలంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కమాండ్‌కి మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1464 అని పెట్టి ఏదైనా పెద్ద సైట్‌ని పింగ్ చేయండి. 1464కి హెడర్లు 28 కలిపితే 1492. అది దాటి, 1465కి ప్యాకెట్‌ని ముక్కలు చేయాలనే మెసేజ్ వస్తే మీ ఎంటీయూ 1492 అని ఖాయం. 1472 కూడా దాటిందా, అయితే మీది 1500 లైన్. పీపీపీఓఈ మీద 1500 ఇచ్చే పద్ధతి కూడా ఒకటుంది కాబట్టి ఊహించకుండా కొలిచి చూసుకోవడం మేలు.

నేను 1492కి మార్చాను. సైట్ రెండు సెకన్లలో తెరుచుకుంది. అప్పుడు టైమ్ రాత్రి 10:50.

ఇప్పుడు తాతయ్య టీవీ

ఫైబర్ టీవీ అంటే ఛానెల్ కూడా ఇంటర్నెట్ ప్యాకెట్‌ల రూపంలోనే రావడం, దీన్ని ఐపీటీవీ అంటారు. మన కోనసీమకి ఇది కొత్త కాదు. ఏపీ ఫైబర్‌నెట్‌ని మొదట ప్రయోగించిన ఊళ్లలో సఖినేటిపల్లి మండలం మోరి ఒకటి, 2016 చివర్లో. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెట్, ఫోన్, టీవీ మూడూ ఒకే తీగలో, అప్పట్లో నెలకి 149 రూపాయల నుంచి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక హెచ్‌డీ ఛానెల్‌కి 8 ఎంబీపీఎస్ అనుకుందాం. మ్యాచ్ రోజు ఊళ్లో 500 ఇళ్లు అదే ఛానెల్ పెట్టాయి. ఒక్కో ఇంటికి విడివిడిగా పంపితే, అంటే యూనికాస్ట్ అయితే, ఊరికి 4,000 ఎంబీపీఎస్ కావాలి. చూసేది మాత్రం అందరూ ఒకే బొమ్మ! పోనీ ఉన్న ఛానెళ్లన్నీ అందరికీ కుమ్మరిస్తే, అంటే బ్రాడ్‌కాస్ట్ అయితే, చూడని ఇళ్ల లైన్లు కూడా నిండిపోతాయి. ఈ రెంటికీ మధ్య దారి మల్టీకాస్ట్. ఊరికి ఒకటే కాపీ, 8 ఎంబీపీఎస్. దారి ఎక్కడ చీలుతుందో అక్కడే కాపీ తీయాలి, అది కూడా అడిగినవాళ్లున్న వైపుకే.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది చెప్పడం సులువు. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అక్కణ్ణుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి ప్రధాన కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి బోదెలు, చివరికి చేను. ధవళేశ్వరం నుంచి ప్రతి రైతు చేనుకీ విడిగా పైపు వేయలేదు. ఎవరి చేనుకి కావాలో అక్కడే తూము తెరుస్తారు. ఒక్క తేడా, నీళ్లు చీలితే తగ్గుతాయి. ప్యాకెట్ చీలితే కాపీ అవుతుంది, కాబట్టి చివరి చేనుకి కూడా నిండుగా అందుతుంది. శివారు ఆయకట్టు బాధ ఇక్కడ లేదు.

తూము తెరిచేది ఐజీఎంపీ, కాలువలు తవ్వేది పిమ్

ఈ ఆలోచనకి ఆద్యుడు స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్. 1989 ఆగస్టులో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112 దీనికి పునాది. మల్టీకాస్ట్ అడ్రస్‌లు 224 నుంచి 239తో మొదలవుతాయి. ఇవి ఏ కంప్యూటర్‌వీ కావు, ఒక్కో అడ్రస్ ఒక్కో గుంపుకి పేరు. ఐపీటీవీలో ఒక్కో ఛానెల్‌కి ఒక్కో గుంపు అనుకోండి.

తాతయ్య రిమోట్‌లో ఛానెల్ నొక్కగానే సెట్‌టాప్ బాక్స్ "ఈ గుంపు నాక్కావాలి" అని ఐజీఎంపీ మెసేజ్ పంపుతుంది. ఇది తూము తెరవమని అడగడం. ఛానెల్ మార్చగానే పాత గుంపుకి "ఇక వద్దు" అంటుంది.

ఇంటి దగ్గర అడిగింది పైన ఉన్న రౌటర్లకి చేరాలి కదా, ఆ పని పిమ్‌ది. మొదటి తరం పద్ధతుల్లో ముందు నీళ్లు అన్ని కాలువల్లోకీ వదిలి, "మాకొద్దు" అన్నచోట తూములు మూసుకుంటూ వచ్చేవాళ్లు. దీనికి డెన్స్ మోడ్ అని పేరు. అడిగినవాళ్లు తక్కువున్నప్పుడు ఇది దండగ. స్పార్స్ మోడ్ దీనికి తలకిందులు, అడిగేదాకా చుక్క వదలదు. అడిగితే ఆ మాట ఒక్కో రౌటర్ మీదుగా పైకి పాకి, దారి తెరుచుకుంటూ పోతుంది.

మరి ప్యాకెట్ చుట్టూ తిరిగి మళ్లీ అదే రౌటర్‌కి వస్తే? కాపీల మీద కాపీలై నెట్‌వర్క్ మునిగిపోతుంది. అందుకే ప్రతి రౌటర్ ఒక తనిఖీ చేస్తుంది. ఈ ప్యాకెట్ దాని మూలం ఉన్న వైపు నుంచే వచ్చిందా? కాకపోతే పారేయ్. దీన్ని ఆర్‌పీఎఫ్ అంటారు. మా వైపు రైతుకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం వైపు నుంచి వచ్చేవి నీళ్లు, సముద్రం వైపు నుంచి ఎగదన్నేది ఉప్పునీరు, దానికి తూము తెరవకూడదు.

ఇంకో చిక్కు, దారిలో ఉన్న రౌటర్లన్నిటికీ మల్టీకాస్ట్ తెలియాలి. 1992లో ఇంటర్నెట్‌లో చాలా రౌటర్లకి తెలీదు. అప్పుడు ఎంబోన్ అని ఒక ఏర్పాటు చేశారు. మల్టీకాస్ట్ ప్యాకెట్‌ని మామూలు ప్యాకెట్ లోపల పెట్టి, తెలియని రౌటర్ల మీదుగా దాటించి, అవతల విప్పేవాళ్లు. పి.గన్నవరం అక్విడెక్టు చూశారా? కాలువ వైనతేయ నదిలో కలవకుండా, నది మీదుగా నడిచి అవతలి ఒడ్డుకి చేరుతుంది. ఎంబోన్ టన్నెల్ అచ్చం అదే.

ఓపెన్ ఇంటర్నెట్‌లో మాత్రం మల్టీకాస్ట్ నిలదొక్కుకోలేదు. దారిలో ఉన్న ఇన్ని కంపెనీలూ ఒప్పుకోవాలి, పైగా యాప్‌లో ఒకడు పాజ్ చేస్తాడు, ఇంకొకడు వెనక్కి లాగుతాడు. అందుకే ఫోన్‌లో ఐపీఎల్ చూస్తే మీకొక్కరికే ఒక విడి కాపీ వస్తుంది, దగ్గర్లో ఉన్న సీడీఎన్ సర్వర్ నుంచి ముక్కలు ముక్కలుగా బఫర్ అవుతూ. పక్కింట్లో వికెట్ కేక ముందే వినపడడానికి ఒక కారణం ఆ బఫరే. మల్టీకాస్ట్ బతుకుతున్నది ఒకే కంపెనీ చేతిలో మొత్తం దారి ఉన్న చోట, అంటే ఐపీటీవీ లాంటి వాటిలో.

నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

టీవీ దగ్గర నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, ఆగిపోయేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టడం. ఛానెల్ మార్చాను, లెక్కపెట్టాను. 4 నిమిషాల 20 సెకన్లు. మళ్లీ మార్చాను. మళ్లీ అంతే. లైన్ బాగోకపోతే ఇంత కచ్చితంగా ఆగదు. 260 సెకన్లు అనగానే విషయం తెలిసిపోయింది.

తెరిచిన తూము మూయడం ఎవరైనా మర్చిపోతే? సెట్‌టాప్ బాక్స్‌కి కరెంట్ తీసేస్తే అది "వద్దు" అని చెప్పలేదు కదా. అందుకే ఐజీఎంపీలో లస్కరు లాంటి వాడొకడు ఉంటాడు, క్వెరియర్ అంటారు. ప్రతి 125 సెకన్లకి ఒకసారి "ఇంకా ఎవరికి కావాలి?" అని అడుగుతాడు, జవాబుకి 10 సెకన్లు ఇస్తాడు. ఒక ప్రశ్న దారిలో పోయినా ఫర్వాలేదని రెండు విడతలు చూస్తాడు. రెండు 125లు 250, దానికి 10 కలిపితే 260. అప్పటికీ జవాబు లేకపోతే తూము మూసేస్తారు.

నా రౌటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉంది. అంటే అది ఎవరు అడిగారో చెవిన వేసుకుని, ఆ పోర్టుకే ఛానెల్ పంపుతుంది. మంచిదే, లేకపోతే టీవీ డేటా అంతా వైఫై మీద కూడా పడి నెట్ నెమ్మదిస్తుంది. కానీ నేను పెట్టిన సెట్టింగ్‌లో పైనుంచి వచ్చే లస్కరు ప్రశ్న టీవీ దాకా వెళ్లట్లేదు. అడిగేవాడు లేడు, కాబట్టి బాక్స్ చెప్పలేదు. 260 సెకన్లకి రౌటర్ తూము మూసేసింది. తాతయ్య ఛానెల్ మార్చినప్పుడల్లా కొత్త తూము, కొత్త 260. మెనూలో ఐజీఎంపీ క్వెరియర్ అనే ఆప్షన్ ఆన్ చేశాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. టీవీ ఆగలేదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి

• స్పీడ్ బాగుండి కొన్ని సైట్లు మాత్రమే తిరుగుతుంటే: ఎంటీయూ చూడండి. పీపీపీఓఈ అయితే 1492.
• ఐపీటీవీ దాదాపు 4 నిమిషాల 20 సెకన్లకి ఆగిపోతుంటే: క్వెరియర్ ప్రశ్న బాక్స్‌కి అందట్లేదు. క్వెరియర్ లేదా ఐజీఎంపీ ప్రాక్సీ ఆన్ చేయండి.
• ఛానెల్ అసలే రాకపోతే: టీవీకి కేటాయించిన పోర్టు, వీలాన్ సెట్టింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.
• టీవీ పెట్టగానే ఇల్లంతా వైఫై నెమ్మదిస్తే: స్నూపింగ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.
• ఏ సెట్టింగ్ మార్చినా ముందు పాతదాని ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు.

చెల్లి 11:35కి సబ్మిట్ నొక్కి అప్లికేషన్ నంబర్ రాసుకుంది. మర్నాడు పొద్దున్న లైన్ చూసే అతనికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "పర్లేదండి, పండక్కి వచ్చినోళ్లందరూ రౌటర్లు తెస్తారండి" అన్నాడు. ఈ నెలలో అలాంటి కాల్స్ ఎన్ని వచ్చాయో అడగలేదు. ఈసారి ఆయనకి ఫోన్ చేసే ముందు నేనైతే స్టాప్‌వాచ్ పెట్టి, ఒక పింగ్ కొట్టి చూస్తాను. మీరూ అలాగే చేయండి.